ముందు నీళ్లు, తర్వాతే కరెంటు: కొత్త గీజర్ మొదటిసారి వాడేటప్పుడు

ఆదిలాబాద్, ఆసిఫాబాద్ జిల్లాల్లో చలికాలం పొద్దుట పది డిగ్రీల లోపుకు దిగడం మామూలే. గీజర్లు ఎక్కువ కొనేదీ, తొందరలో బిగించి ఆ సాయంత్రమే కాల్చుకునేదీ అప్పుడే. పెన్‌గంగ అవతల మహారాష్ట్ర ఇళ్లలో కట్టెలతో కాచే రాగి బంబు చూసే ఉంటారు. గరాటులో చన్నీళ్లు పోస్తే గొట్టంలోంచి వేడినీళ్లు పొర్లుతాయి, ఆవిరి పోవడానికి దారి తెరిచే ఉంటుంది. గీజర్ అలా కాదు, మూసిన డబ్బా. లోపల నీళ్లు లేకపోతే కాయిల్ పోతుంది. ఒత్తిడికి దారి లేకపోతే డబ్బానే పోతుంది.

ఇది 15 లీటర్లు, 2000 వాట్ల నిలువు గీజర్ గురించి. గ్యాస్ గీజర్ సంగతి వేరు. దాన్ని గాలి ఆడని బాత్‌రూంలో పెట్టడమే ప్రాణం మీదికి తెచ్చుకోవడం.

నీళ్లు నిండితే ఇది పాతిక కిలోల దాకా తూగుతుంది కాబట్టి ఇటుక గోడలోకి దిగే యాంకర్ బోల్టులే వాడాలి. వేడినీళ్ల లైను సీపీవీసీదై (వేడిని తట్టుకునే ప్లాస్టిక్ పైపు) ఉండాలి. మామూలు పీవీసీ వేడికి మెత్తబడి జాయింట్ల దగ్గర ఊడుతుంది.

నీలం రింగు ఉన్నది చన్నీళ్లు వచ్చే దారి, ఎరుపుది వేడినీళ్లు పోయే దారి. గీజర్‌తో పాటు బొటనవేలంత ఇత్తడి వాల్వు ఒకటి వస్తుంది. అది నీలం వైపే, బాణం గుర్తు గీజర్ వైపు ఉండేలా బిగించాలి. వెళ్లిన నీళ్లు వెనక్కి రాకుండా ఆపేదీ, ఒత్తిడి పెరిగితే వదిలేదీ అదే. దానికీ గీజర్‌కూ మధ్య ఇంకో నల్లా గానీ, ఆపే వాల్వు గానీ పెట్టకూడదు. 15 లీటర్లు 15 డిగ్రీల నుంచి 60కి కాగితే దాదాపు పావు లీటరు పెరుగుతాయి. నల్లాలన్నీ మూసి ఉంటే ఆ పెరిగిన నీళ్లకు ఈ వాల్వు ఒక్కటే దారి. కాగేటప్పుడు దాని పక్క బొక్కలోంచి చుక్కలు పడితే లీకేజీ అనుకుని ఎం-సీల్ పెట్టేవాళ్లున్నారు. అంతకన్నా పెద్ద తప్పు లేదు. సన్నటి పైపు తగిలించి కిందికి వదలండి, చివర మూయకండి. కాగనప్పుడు కూడా ఆగకుండా కారుతుంటే మాత్రం వాల్వులో చెత్త ఇరుక్కున్నట్టు, లేదా ప్రెజర్ పంపు ఒత్తిడి ఎక్కువైనట్టు. స్లాబ్ మీది ట్యాంకు ఒక్కటే ఉంటే ఒత్తిడి సమస్య రాదు. పది మీటర్ల ఎత్తుకు దాదాపు ఒక బార్ ఒత్తిడి, అంతే.

ఇప్పుడు నింపడం. స్విచ్ ఆఫ్‌లోనే కాదు, ప్లగ్గు పీకేసి ఉండాలి. కొత్త లైనులో ఇసుక, పైపు పొట్టు ఉంటాయి కనుక గీజర్‌కు కలపకముందే ఒక బకెట్ నీళ్లు వదిలేయండి. తర్వాత కలిపి వేడినీళ్ల నల్లా పూర్తిగా తిప్పండి. మొదట గాలి బుస్సుమంటుంది, తర్వాత నీళ్లు ఉమ్మినట్టు చిమ్ముతాయి, చివరికి ధార సాఫీగా పడుతుంది. నిలువు గీజర్‌లో బయటికిపోయే గొట్టం నోరు డబ్బా పైభాగాన ఉంటుంది, అందుకే అటునుంచి ఆగకుండా ధార వచ్చిందంటే డబ్బా నిండినట్టు. ఆ తర్వాత కూడా ఒక బకెట్ నిండేదాకా వదలండి.

ఇక్కడే చాలామంది మోసపోతారు. మిక్సర్ నల్లా మధ్యలో ఉంటే చన్నీళ్ల లైను నుంచే ధార వస్తుంది, లోపల గీజర్ ఖాళీగానే ఉంటుంది. హ్యాండిల్ పూర్తిగా వేడి వైపుకే తిప్పి చూడాలి. నిండాక నల్లా మూసి, టార్చ్ వేసి జాయింట్ల చుట్టూ పొడి గుడ్డతో తుడవండి. గుడ్డ తడిస్తే టెఫ్లాన్ టేపు మళ్లీ చుట్టాలి. ఇంకా గట్టిగా బిగిద్దామనుకుంటే సీపీవీసీ చిట్లుతుంది.

2000 వాట్లంటే దాదాపు 9 ఆంపియర్లు. 6 ఆంపియర్ల సాకెట్ నల్లబడిపోతుంది. 16 ఆంపియర్ల సాకెట్, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట పడిపోయే స్విచ్), ముందు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తెంచేసే స్విచ్) ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దే వద్దు. మూడో పిన్నుకు నిజంగా ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. టెస్టర్ వెలిగితే ఫేజ్ ఉన్నట్టే తప్ప ఎర్త్ ఉన్నట్టు కాదు. మన నల్లరేగడి ఎండాకాలంలో నెర్రెలిచ్చి ఎర్త్ రాడ్డును వదిలేస్తుంది. అప్పుడప్పుడు ఆ ఎర్త్ గుంతలో రెండు బకెట్ల నీళ్లు పోయడం మరవకండి.

అన్నీ సరిగ్గా ఉంటే థర్మోస్టాట్ 60 దగ్గర పెట్టి స్విచ్ వేయండి. మొదటిసారి పక్కనే ఉండి చూడండి. 15 డిగ్రీల నీళ్లు 60కి రావడానికి దాదాపు 24 నిమిషాలు పడుతుంది. ఊళ్లో వోల్టేజీ 180కి పడితే అదే 40 నిమిషాల దగ్గరికి పోతుంది, గీజర్ పాడైందని కంగారు పడక్కర్లేదు. కాలిన వాసన వచ్చినా, ఆర్‌సీసీబీ పడినా మళ్లీ మళ్లీ వేసి చూడకండి, మెకానిక్‌ను పిలవండి. 60 డిగ్రీల నీళ్లు క్షణాల్లో బొబ్బలెక్కిస్తాయి కాబట్టి బకెట్‌లో ముందు చన్నీళ్లు పట్టి, తర్వాత వేడివి కలపండి. స్నానానికి దిగేముందు స్విచ్ ఆపేయడం అలవాటు చేసుకోండి.

బోరు నీళ్లు గట్టివైతే డబ్బాకు తుప్పు పట్టకుండా కాపాడే లోపలి మెగ్నీషియం రాడ్డును ఏడాదికోసారి విప్పి చూపించాలి. ఇక ఎండాకాలమంతా ఆపేసి, దసరా తర్వాత మళ్లీ వేసే రోజున నల్లా తిప్పి ధార చూడకుండా స్విచ్ మీద చెయ్యి వేయొద్దు.