‘ప్రే ఆన్’ వాక్యం తేడా కొడుతోందా? ముందు ఇవి చూడండి

ఇంగ్లీషులో ‘ప్రే ఆన్’ అంటే వేటాడి తినడం. అన్నిటికంటే ముందు దాని స్పెల్లింగ్. వేటకు పీ-ఆర్-ఈ-వై, ప్రార్థనకు పీ-ఆర్-ఏ-వై. రెండూ పలకడం ఒకటే, రెండూ అసలైన మాటలే, కాబట్టి స్పెల్‌చెకర్ గీత గీయదు. గుడ్లగూబలు ఎలుకలకు దండం పెడుతున్నట్టు రాసిన పేపర్లు దిద్ది దిద్ది విసుగొచ్చింది.

సమస్య: ‘ఔల్స్ ప్రే ర్యాట్స్’ అని రాశారు.
కారణం: ‘ఎలుకలను వేటాడతాయి’ అనే తెలుగు అలవాటు. ‘హంట్’కి కూడా ‘ఆన్’ అక్కర్లేదు కాబట్టి దీనికీ వదిలేస్తాం.
పరిష్కారం: ‘ఔల్స్ ప్రే ఆన్ ర్యాట్స్’.

సమస్య: ‘ఏఫిడ్స్ ఆర్ ప్రేడ్ బై లేడీబర్డ్స్’.
పేనుబంకను అక్షింతల పురుగులు తింటాయని చెప్పాలనుకున్నారు. మామూలు వాక్యంలో ‘ఆన్’ మర్చిపోనివాళ్లు కూడా కర్మణిలో ఇక్కడే బోల్తా పడతారు. ‘ఆన్’, ‘బై’ పక్కపక్కనే వచ్చేసరికి రెండు విభక్తులు ఎక్కువయ్యాయేమో అనిపించి ఒకటి కొట్టేస్తారు. ఎప్పుడూ పోయేది ‘ఆన్’ మాత్రమే. రెండూ ఉండాల్సిందే: ‘ఏఫిడ్స్ ఆర్ ప్రేడ్ ఆన్ బై లేడీబర్డ్స్’. అనుమానమొస్తే కర్తరిలోకి తిప్పండి: ‘లేడీబర్డ్స్ ప్రే ఆన్ ఏఫిడ్స్’. ఇక్కడున్న ‘ఆన్’ అక్కడికీ వెళ్లాలి. వేటాడేదెవరో చెప్పనప్పుడు ఇంకో చిక్కు. ముసలివాళ్లను ఫోన్ మోసగాళ్లు వలలో వేసుకుంటున్నారనడానికి ‘ద ఎల్డర్లీ ఆర్ ఆఫెన్ ప్రేడ్ ఆన్’ అంటే వాక్యం ‘ఆన్’తో ఆగిపోతుంది. ప్రిపొజిషన్‌తో వాక్యం ముగించకూడదని బడిలో చెప్పారు కదా అని దాన్ని పీకేస్తారు. పీకొద్దు, అది క్రియలో భాగం.

సమస్య: ‘యస్టర్‌డే ద టైగర్ ప్రేడ్ ఆన్ ఎ డీర్’. వ్యాకరణం సరే, వాడుక కాదు. ఇది సాధారణంగా ఆ జంతువు దేన్ని తిని బతుకుతుందో చెప్పే మాట. నిన్నటి ఒక్క వేటకు ‘కిల్డ్’ చాలు.

మనసును ఏదైనా తొలిచేస్తుంటే ఆ విషయమే కర్త: ‘ఇట్ ప్రేడ్ ఆన్ మై మైండ్’. ‘ఐ’తో మొదలెట్టకండి. ‘ఫాల్ ప్రే’ (బలైపోవడం) వేరే లెక్క, దాని తర్వాత ‘టు’ రావాలి. ‘ఆన్’ బదులు ‘అపాన్’ వాడినా అర్థం అదే, కాస్త పాతకాలపు గ్రాంథికం, అంతే.