బెంగను ఇంటి భాషలో అడగాలి: గంజాం, గజపతి జిల్లాల బడుల్లో కౌన్సెలర్లకు కొన్ని సూచనలు

బరంపురం, పర్లాకిమిడి వంటి ఊళ్లు 1936లో ఒడిశాలో భాగమైనా, అక్కడి ఎన్నో ఇళ్లలో ఇప్పటికీ తెలుగే మాట్లాడుకుంటారు. ఆ ఇళ్ల పిల్లలు బడిలో ఒడియాలో పాఠం అప్పజెప్పగలరు గానీ దుఃఖం చెప్పుకోవడానికి వారికి ఆ భాష సరిపోదు. అందుచేత కౌన్సెలర్ మొదట తేల్చుకోవలసింది పిల్లవాడితో ఏ భాషలో మాట్లాడాలన్నదే.

నాలుగో తరగతి చదివే ఒక అబ్బాయి తరచూ కడుపునొప్పి అని బడి మానేసేవాడు. ఒడియాలో ఎన్నిసార్లు అడిగినా తలవంచుకుని "భల అఛి", అంటే బాగానే ఉన్నానని, ఒక్కటే జవాబు చెప్పేవాడు. "రాత్రిళ్లు నిద్ర పడుతోందా, నాన్నా?" అని తెలుగులో అడిగిన రోజున చాలాసేపు చొక్కా గుండీని తిప్పుతూ కూర్చుని, "లేదండి, గుబులుగా ఉంటది" అన్నాడు. తండ్రి పనికోసం సూరత్ వెళ్లి మూడు నెలలైంది. గంజాం జిల్లాలో ఇలాంటి ఇళ్లు కొత్త కాదు.

"నీ సమస్య ఏమిటి?" అని అడగడం కన్నా నిద్ర, ఆకలి, బడికి వచ్చే దారి గురించి అడగడం మేలు. పిల్లలు వాడిన మాటనే పట్టుకోవాలి, ఎందుకంటే బెంగ సాధారణంగా ఒక మనిషి మీద పెట్టుకునేది, గుబులుకు మాత్రం వారు ఒక్కోసారి కారణం చెప్పలేరు. మీకు తెలుగు రాకపోతే తెలుగు వచ్చిన మరో కౌన్సెలర్ సాయం తీసుకోండి గానీ, అక్కనో తోటి విద్యార్థినో దుబాసీగా కూర్చోబెట్టకండి, వారి ముందు ఇంటి సంగతులు బయటికి రావు.

చెప్పినవి గోప్యంగా ఉంటాయని, అయితే ప్రాణాపాయం గానీ లైంగిక వేధింపు గానీ ఉంటే పెద్దలకు చెప్పక తప్పదని మొదటి రోజే పిల్లలకు అర్థమయ్యేలా చెప్పాలి. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం అలాంటి నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరు ఉంది.

ఇంటివారితో మాట్లాడేటప్పుడు, నాయనమ్మ దిష్టి తీశానంటే కొట్టిపారేయకండి. ఆమె చేసేది చేయనిచ్చి, మనం చేయవలసింది కూడా అడగాలి. ఆ అబ్బాయి తండ్రి ఆదివారం ఫోను చేసినప్పుడల్లా మార్కులే అడిగేవాడట. ఆ పది నిమిషాలు మార్కుల ఊసు లేకుండా, ఆ రోజు ఏం తిన్నాడో, ఎవరితో ఆడాడో అడగమని తల్లి ద్వారా చెప్పించాం. కడుపునొప్పి ఒక్కసారిగా పోలేదు, కానీ బడి మానేయడం తగ్గింది.

కౌన్సెలర్ మందులు ఇవ్వరు. వారాల తరబడి తిండి, నిద్ర లేకపోయినా, చచ్చిపోతానన్న మాట ఒక్కసారి వినిపించినా, ఆలస్యం చేయకుండా బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాలలోని మానసిక వైద్య విభాగం వంటి చోటికి పంపాలి. 2022 అక్టోబరులో మొదలైన, మానసిక ఆరోగ్యానికి ఫోనులో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలిమానస్ నంబరు 14416కు రాత్రీ పగలూ ఉచితంగా ఫోను చేయవచ్చు, భాష ఎంచుకునే వీలు కూడా ఉంది. వేరేచోటికి పంపినా, మళ్లీ మీ గదికి ఏ రోజున రావాలో పిల్లవాడు వెళ్లేలోగా చెప్పి, ఆ రోజున తప్పకుండా అక్కడ ఉండండి.