ఘాట్ ఎక్కే పాత వ్యాన్‌కి హెడ్ వేడి మీటరు

సాలూరు దాటి సుంకి ఘాట్ మీదుగా కోరాపుట్ ఎక్కే పాత ఎయిర్‌కూల్డ్ ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్‌కి ఆయిల్ వేడి మీటరు ఒక్కటే చాలదు. ఆయిల్ నెమ్మదిగా వేడెక్కుతుంది, అది చెప్పేలోపే హెడ్ (సిలిండర్లకి ఉండే మూత) మాడిపోతుంది. 3వ సిలిండర్ స్పార్క్ ప్లగ్ వాషర్ తీసి ఆ చోట రింగు సెన్సర్ బిగించండి. 1970కి ముందు ఇంజన్లలో ఆయిల్ కూలర్ అడ్డుపడేది ఆ సిలిండర్ గాలికే. సెన్సర్ తీగ పొడుగుందని కత్తిరించారో, రీడింగే తప్పు.

హెడ్ వేడి 200 డిగ్రీల సెల్సియస్ దాటుతుంటే గేరు తగ్గించండి. ఫ్యాన్ తిరిగేది ఇంజన్ వేగాన్ని బట్టే. పై గేరులో ఈడిస్తే గాలీ తగ్గుతుంది. ఆయిల్ 120 దాటితే బండి పక్కకి తీసి, రెండు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచాకే కట్టేయండి. అన్నట్టు, ఇంజన్ చుట్టూ రబ్బరు సీలు చిరిగితే కిందున్న వేడిగాలినే ఫ్యాన్ మళ్లీ లాగుతుంది.