వాతావరణం మారిన కాలపు నవల రాయడం – నాలుగో పాఠం: పాత్రకు తెలియని నష్టం

పోయిన పాఠంలో మీ నవల ఏ సంవత్సరంలో జరుగుతుందో తేల్చుకున్నారు. ఆ అంకెను నోటుపుస్తకంలో పైన రాసి పెట్టుకోండి. ఈ పాఠంలో పనంతా దానితోనే. ఉదాహరణకు 2085 తీసుకుందాం.

ముందుగా వయసులు లెక్కకట్టండి. 2085లో ఎనభై ఏళ్లున్న అమ్మమ్మ 2005లో పుట్టి ఉంటుంది. అంటే ఆమెను మీరు కొత్తగా ఊహించనక్కర్లేదు, ఈరోజు మన మధ్యే తిరుగుతోంది. ఆమె మనవరాలికి పన్నెండేళ్లు అనుకుంటే, ఆ పిల్ల 2073లో పుట్టింది. మీ కథ ఈ ఇద్దరి మధ్య ఉంది. అమ్మమ్మకు గుర్తున్నది పిల్లకు తెలియదు. పిల్లకు మామూలైనదానికి అమ్మమ్మ ఎన్నటికీ అలవాటు పడలేదు.

ఇలాంటి నవల మొదలుపెట్టినవాళ్లు తరచుగా తప్పటడుగు వేసేది ఇక్కడే. ఆ పిల్ల గురించి రాసిన ఈ వాక్యాలు చూడండి:

"ఎండిన చెరువును చూసి ఆమె నిట్టూర్చింది. ఒకప్పుడు ఇక్కడ కొంగలు వాలేవి. మనిషి దురాశే ఇంత పని చేసింది అనుకుంది."

పన్నెండేళ్ల పిల్ల తానెన్నడూ చూడని కొంగల కోసం ఎందుకు నిట్టూరుస్తుంది? ఆ నిట్టూర్పు రచయితది. తన దుఃఖాన్ని పాత్ర నోట పెట్టడంతో పాఠకుడు దుఃఖించడానికి చోటు లేకుండా పోయింది. ఇప్పుడు ఇదే చోటును ఇలా రాసి చూద్దాం:

"బడికి దగ్గరి దారి చెరువుకు అడ్డంగా పోతుంది. పగుళ్లలో కాలు ఇరుక్కోకుండా చీకట్లోనైనా నడవగలదు ఆమె. ఆ బయలును చెరువు అని ఎందుకంటారో ఎన్నడూ అడగలేదు. పొద్దెక్కక ముందే ఇల్లు చేరాలి."

ఎవరూ ఏడవలేదు. కానీ నీళ్లు పోయినా పేరు మిగిలింది. బడి రాత్రి నడుస్తోందని ఎవరూ చెప్పకుండానే తెలిసింది. పాఠకుడి గుండె కలుక్కుమనేది అలాంటి చోటే.

దీని వెనుక ఒక శాస్త్ర పరిశీలన ఉంది. 1995లో డేనియల్ పాలీ అనే మత్స్యశాస్త్రవేత్త ఒక విషయం గమనించి రాశాడు. ప్రతి తరం శాస్త్రవేత్తలు తాము పని మొదలుపెట్టిన నాటి చేపల సంఖ్యనే సహజమనుకుని, తరుగుదలను అక్కడి నుంచే కొలుస్తారు. తరువాతి తరం మరింత తగ్గిన సంఖ్యతో మొదలుపెడుతుంది. అలా కొలత మొదలయ్యే గీతే కిందికి జరిగిపోతుంటే, మొత్తం నష్టం ఏ ఒక్క తరం లెక్కకూ అందదు. ఈ తరహా నవల రాసేవాళ్లకు ఇంతకంటే పనికొచ్చే శాస్త్ర విషయం నాకు మరొకటి కనబడలేదు.

సరే, రాత్రిపూట బడి ఎందుకు? వింత కోసం పెట్టలేదు. చెమట ఆరడం వల్లే మన ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో తేమ నిండితే చెమట ఆరదు. థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి కొలిచే ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు చేరితే, నీడలో ఊరికే కూర్చున్న మనిషి కూడా కొన్ని గంటలకు మించి బతకడం కష్టమని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఆరోగ్యంగా ఉన్న యువతీయువకుల శరీరాలు సైతం అంతకంటే ముందే అదుపు తప్పుతాయని తరువాతి ప్రయోగాల్లో తేలింది. పైగా గాలి ఒక్కో డిగ్రీ వేడెక్కిన కొద్దీ సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. అందుకే ఒకే చోట ఎండలూ కుండపోతలూ రెండూ ముదురుతాయి. మీ పాత్రలు ఏ వేళ పని చేస్తారు, ఎప్పుడు నిద్రపోతారు, పెళ్లి ఏ వేళ చేసుకుంటారు అన్నవన్నీ ఈ చెమట నుంచే పుట్టాలి.

సముద్రం సంగతి వేరు. దానికి తొందర లేదు. 2100 నాటికి సముద్రమట్టం, మనం గాలిలోకి వదిలే ఉద్గారాలను (వేడిని పెంచే వాయువులను) బట్టి, సుమారు 28 సెంటీమీటర్ల నుంచి ఒక మీటరు దాకా పెరగవచ్చని ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ 2021 నివేదిక చెప్పింది. అంతకు మించే అవకాశాన్నీ కొట్టిపారేయలేదు. ఎలా చూసినా 2085లో అలలు మేడల మీదుగా పొర్లవు. బావినీళ్లు ఉప్పగా మారతాయి. పోటు వేళల్లో మురుగుకాలువ వెనక్కి తంతుంది. అలాంటివి రాయండి, నమ్ముతారు.

ఇక అభ్యాసం. మీ కథలో అందరికంటే చిన్న పాత్ర గడిపే ఒక్క గంటను ఒక పేజీలో రాయండి. "ఒకప్పుడు", "పూర్వం", "ఇంకా మిగిలిన" అనే మాటలు వాడకూడదు. వస్తువు పోయినా వాడుకలో నిలిచిన మాట ఒకటైనా ఉండాలి. పెద్దావిడ ఆ పేజీలో ఒకే ఒక వాక్యం పలకాలి, అదీ ఏదైనా పని గురించే.

రాశాక పేజీ పక్కన పెట్టి, పిల్ల ఆమెను అడగగల ప్రశ్న ఒకటి విడిగా రాసుకోండి: "అప్పుడు నీకు తెలుసా, అమ్మమ్మా?" వంటిది. జవాబు రాయకండి. ఆ అమ్మమ్మ వయసు ఈరోజు ఎంతో మళ్లీ ఒకసారి లెక్క చూసుకోండి. ఆ జవాబుతోనే ఐదో పాఠం మొదలుపెడదాం.