ఈస్ట్‌లో చక్కెర గొలుసులు, 4వ పాఠం: గాల్జీలో మాన్నోజ్ వడ్డన

పోయిన పాఠంలో గొలుసును ఈఆర్‌లో (కణంలో ప్రోటీన్లు మడతపడే పొరల గది) వదిలేశాం. 14 చక్కెరల గొలుసు ప్రోటీన్‌లోని ఆస్పరజీన్ అనే అమైనో ఆమ్లానికి అతుక్కుంది, మూడు గ్లూకోజ్‌లూ ఒక మాన్నోజ్ ఊడిపోయాయి, చివరికి మిగిలింది 8 మాన్నోజ్‌లు, అడుగున రెండు ఎన్-ఎసిటైల్ గ్లూకోజమిన్‌లు. దీన్ని ఎం8 అని రాసుకుందాం, ప్రతిసారీ పూర్తి పేరు రాస్తే చెయ్యి పడిపోతుంది. ఇంతవరకూ ఈస్ట్‌కీ మనకీ పెద్ద తేడా లేదు. గాల్జీ (ఈఆర్ తరవాత ప్రోటీన్ చేరే గది) గడప దాటాకే దారులు వేరవుతాయి.

ఈరోజు నేర్చుకునే పని ఒక్కటే. ఫలానా ఎంజైమ్ లేని ఈస్ట్ ఇస్తే దాని గొలుసు ఎక్కడ ఆగుతుందో కాగితం మీద గీయాలి. పెన్సిల్ పట్టుకోండి, ఊరికే చదివితే వచ్చే విద్య కాదిది.

ప్రోటీన్ వరస డీఎన్ఏలో రాసి ఉంటుంది, గొలుసు వరస మాత్రం ఎక్కడా రాసి ఉండదు. మరి తప్పకుండా ఎలా వస్తుంది? పెళ్లి బంతిలో వడ్డన గుర్తు తెచ్చుకోండి. ఆకులో అన్నం పడందే పప్పు గరిటె రాదు, పప్పన్నం అవ్వందే సాంబారు బకెట్ రాదు, వడ్డించేవాళ్ల చేతిలో జాబితా ఏమీ ఉండదు, ఆకు చూస్తే చాలు. ఈ ఎంజైమ్‌లూ అంతే, ముందువాడు పెట్టిన చక్కెర కనిపిస్తేనే తనది పెడతాయి. వడ్డించే మాన్నోజ్ జీడీపీ-మాన్నోజ్ రూపంలో (జీడీపీ అనే మోసే అణువుకి తగిలించి) సైటోప్లాజమ్ నుంచి గాల్జీలోకి వస్తుంది.

ఇక గీయండి. ఎం8 మీద ఓసీహెచ్1 అనే ఎంజైమ్ ఒకే ఒక్క మాన్నోజ్ పెడుతుంది, ఆల్ఫా 1,6 బంధంతో (అంటే ఒక చక్కెర 1వ కార్బన్ ఇంకోదాని 6వ కార్బన్‌కి కలుస్తుంది). ఒక్కటే కదా అని తీసిపారేయకండి, తరవాతి వెన్నెముకంతా దాని మీదే నిలబడుతుంది. ఎంఎన్ఎన్9, వాన్1 జంటగా ఆ వెన్నెముకను ఓ పది మాన్నోజ్‌ల దాకా సాగదీస్తాయి, ఎంఎన్ఎన్9 ఉన్న ఇంకో గుంపు (ఎంఎన్ఎన్10, 11 వగైరా) ఇంకా పొడుగు చేస్తుంది. ఎంఎన్ఎన్2 పక్కకు కొమ్మ వేస్తుంది, ఎంఎన్ఎన్5 ఆ కొమ్మకి ఇంకోటి తగిలిస్తుంది, ఎంఎన్ఎన్1 ఆల్ఫా 1,3 మాన్నోజ్‌తో కొస మూసేస్తుంది. అంతా అయ్యేసరికి ఒక్కో గొలుసులో 200 దాకా మాన్నోజ్‌లు ఉండొచ్చు. ఈ ఎంఎన్ఎన్ పేర్లు చాలావరకు బర్కిలీలో క్లింటన్ బాలూ బృందం పట్టుకున్న మ్యూటెంట్‌ల నుంచి వచ్చినవి. అంటే ఎంజైమ్ కంటే ముందు, అది లేకపోతే ఏమవుతుందో తెలిసింది.

ఇప్పుడు ఒక్కోటి కొట్టేస్తూ గీయండి. ఎంఎన్ఎన్2 లేదు: వెన్నెముక పొడుగ్గానే ఉంటుంది, కొమ్మలుండవు. ఎంఎన్ఎన్9 లేదు: ఓసీహెచ్1 పెట్టినదాని మీద మహా అయితే ఇంకో ఒకటి రెండు, అంతే. ఓసీహెచ్1 లేదు: ఎం8 దగ్గరే ఆగాలి కదా? చాలామంది అలాగే రాస్తారు, నేనూ రాశాను, తప్పు. ఎం9, ఎం10 కూడా కనిపిస్తాయి. ఎందుకంటే ఎంఎన్ఎన్1 వెన్నెముక కోసం కూర్చోదు, ఎం8 కొసలు దొరికినా వాటి మీద పెట్టేస్తుంది. నా వడ్డన పోలిక ఇక్కడ చెల్లదు, పెరుగు గిన్నెవాడు ముందే వచ్చేశాడన్నమాట.

గీసింది సరో కాదో ఇన్వర్టేజ్ (సుక్రోజ్‌ని కోసే ఈస్ట్ ఎంజైమ్, బయటికి వెళ్లేదాని మీద ఈ గొలుసులే ఉంటాయి) జెల్ చెబుతుంది. గ్లూకోజ్ ఎక్కువుంటే ఈస్ట్ ఇన్వర్టేజ్‌ని బయటికి పంపదు, కాబట్టి రెండు మూడు గంటలు 0.1 శాతం గ్లూకోజ్‌లో ఉంచి, కణాలు పగలగొట్టి, ఎస్‌డీఎస్ (ప్రోటీన్‌ని విప్పేసే డిటర్జెంట్) లేని జెల్ మీద నడపాలి. తరవాత జెల్‌ని సుక్రోజ్‌లో నానబెట్టి, కడిగి, సోడియం హైడ్రాక్సైడ్‌లో కలిపిన టీటీసీ (రంగు తేల్చే రసాయనం) పోసి వేడి చేస్తే ఇన్వర్టేజ్ ఉన్నచోట ఎర్రగా తేలుతుంది. ఈ రంగు తేలే క్షణం నాకు ఇప్పటికీ ఇష్టం. మామూలు ఈస్ట్‌ది పైనెక్కడో మసకగా పాకిన మరక, మొదటిసారి చూసి జెల్ పాడైందనుకుని మళ్లీ పోశాను, రెండోసారీ అదే మరక. పాడవ్వలేదు, ఒక్కో అణువు మీద మాన్నోజ్‌లు ఒక్కో లెక్కలో ఉండడం వల్ల గీతగా నిలవదు. ఎంఎన్ఎన్9 లేనిదానిలో అది కిందికి దిగి కాస్త బిగుస్తుంది. అన్నిటికంటే కింద సన్నగా కనిపించే గీత కణం లోపలే ఉండిపోయే ఇన్వర్టేజ్, దానికి గొలుసే లేదు. ఏ వరసలోనైనా ముందు దాన్ని వెతకండి, మిగతావన్నీ దానితో పోల్చి చదవాలి.

మందుల తయారీవాళ్లకి ఓసీహెచ్1 మీద అంత కన్ను ఎందుకంటే, ఇన్ని మాన్నోజ్‌లున్న ప్రోటీన్‌ని మన ఒంట్లోకి ఎక్కిస్తే కాలేయం చకచకా తీసేస్తుంది. అందుకే పిచియా అనే ఇంకో రకం ఈస్ట్‌లో ముందు ఆ జన్యువునే తీసేస్తారు. హైదరాబాద్‌లో 1997లో వచ్చిన హెపటైటిస్ బి టీకా కూడా పిచియాదే, కానీ ఈస్ట్‌లో ఆ యాంటిజెన్‌కి గొలుసు పడదు కాబట్టి ఈ తలనొప్పి లేదు.

ఇంటిపని: ఓసీహెచ్1, ఎంఎన్ఎన్1 రెండూ లేని ఈస్ట్ గొలుసు గీయండి. తరవాత దానిలోంచి ఈఆర్‌లో గొలుసు కట్టే ఏఎల్‌జీ3 కూడా తీసేసి (2వ పాఠం బొమ్మ చూడండి) మళ్లీ గీసి, రెండిట్లో ఎండో హెచ్ (గొలుసును కోసే ఎంజైమ్) దేన్ని కోస్తుందో రాయండి. జవాబు వచ్చే పాఠం మొదట్లో ఇస్తాను, అక్కణ్నుంచి సెరీన్, థ్రియోనిన్‌ల మీద మాన్నోజ్ పెట్టే పీఎంటీ ఎంజైమ్‌ల్లోకి వెళ్దాం.