నటన నేర్చుకుందాం, 5వ పాఠం: విచారణ సీన్‌లో వినడం

నాలుగో పాఠంలో ఊపిరి ఎక్కడ తీసుకోవాలి, డైలాగ్ ఎక్కడ విరగాలి అన్నది చూశాం. అది రోజూ చేస్తున్నారనే అనుకుంటున్నా, చెయ్యకపోతే మాత్రం ముందు అదొక నాలుగు రోజులు చేసి అప్పుడు ఇక్కడికి రండి, ఎందుకంటే ఈ పాఠంలో గొంతుతో పని తక్కువ, చెవితో పని ఎక్కువ.

టీవీ క్రైమ్ కథల్లో మనలాంటోళ్ళకి మొట్టమొదట దొరికే సీన్ తీసుకుందాం. పోలీస్ స్టేషన్, ఒక టేబుల్, అటు ఎస్సై, ఇటు అనుమానితుడు. కర్నూలు నుంచో అనంతపురం నుంచో హైదరాబాద్ బస్సెక్కి పోయి ఛాన్స్ తెచ్చుకున్నోడికి ఇచ్చేది ఆ ఇటుపక్క కుర్చీనే. దాన్ని చిన్న వేషం అనుకోవద్దండి, సీన్ బరువంతా దాని మీదే ఉంటుంది. ప్రాక్టీస్ కోసం మన యాసలోనే రాసిచ్చా, చదవండి.

"నిన్న రాత్రి యాడుంటివిరా?"
"ఇంట్లోనే ఉంటిని సార్."
"ఇంట్లో ఇంకెవరుండ్రి?"
"నేను, మాయమ్మ."
"మీయమ్మ నువ్వు ల్యావని చెప్తాంది."
"...రోన్ని నీళ్ళు ఇస్తారా సార్."

మొత్తం ఆరు లైన్లు. ఇందులో అనుమానితుడి నటన ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంటే చాలామంది ఆఖరి లైన్ చూపిస్తారు. కాదు. "మీయమ్మ" అనే మాట చెవిలో పడ్డప్పటి నుంచి నీళ్ళు అడిగేదాకా ఉన్న ఆ రెండు మూడు సెకన్లలో ఉంది. తల్లి తన పక్కన నిలబడుతుందనుకున్నాడు, నిలబడలేదు. ఆమె పోలీసులకి భయపడి చెప్పిందా, లేక తనే చేశాడని నమ్మి చెప్పిందా అన్నది వాడికి తెలీదు. ఆ ప్రశ్న మీ మనసులో నిజంగా పుడితే మొఖం దాని పని అది చేసుకుంటుంది, మీరు కనుబొమ్మలు ఎత్తక్కర్లేదు.

నేను ఇది చాలా నష్టపోయి నేర్చుకున్నా. కర్నూల్లో పదేళ్ళకి పైగా స్టేజీ మీద చేసి, సి క్యాంపు కళాక్షేత్రంలో మైకు సరిగ్గా లేకపోయినా వెనక వరస దాకా గొంతు వినిపించినోణ్ణి, మొదటి టీవీ ఎపిసోడ్‌లో ఇలాంటి సీన్‌కే పోయి కూర్చున్నా. టీవీలో చాలాచోట్ల ప్రాంప్టింగ్ ఉంటుంది, అంటే కెమెరా పక్కన అసిస్టెంట్ డైరెక్టర్ నిలబడి మన లైన్ చదువుతుంటే మనం వెంటనే అనేస్తాం, గొంతు తర్వాత డబ్బింగ్‌లో పడుతుంది. నేనేం చేశానంటే ఎదురుగా ఉన్న ఎస్సై వేషం ఆయన మాట వినడం మానేసి ఆ అసిస్టెంట్ మాట కోసం చెవులు రిక్కించి కూర్చున్నా, ఎస్సై ప్రశ్న పూర్తి కాకముందే నా కళ్ళు జవాబు కోసం పక్కకి పోయేవి. మూడు టేకులయ్యాక డైరెక్టర్ మానిటర్ దగ్గరికి పిలిచి చూపించారు. తిట్టలేదు, ఏమీ అన్లేదు కూడా, ఊరికే చూడమన్నారు. తెర మీద ఒక మనిషి కనిపించాడు, వాణ్ణి ఎవరో ప్రశ్నలడుగుతున్నారు, వాడికి మాత్రం ఆ గదిలో ఏం జరుగుతోందో పట్టనే పట్టలేదు. ఆ రోజు రాత్రి బస్సులో కర్నూలు దాకా నిద్ర పట్టలేదు నాకు.

అందుకే ప్రాంప్టింగ్ ఉన్న సెట్‌లో ఎలా వినాలో చెప్తా. మీ లైన్లు ఎలాగైనా ముందే బట్టీ పట్టండి, ప్రాంప్టింగ్ ఉందిగా అని వదిలెయ్యొద్దు. బట్టీ వచ్చేస్తే ఆ పక్క గొంతు ఫ్యాన్ చప్పుడులా అయిపోతుంది. ఇంకోటి, మీ లైన్లతో పాటు ఎదుటివాడి లైన్లు కూడా నేర్చుకోండి, ప్రతి ప్రశ్నలో మీకు గుచ్చుకునే మాట ఏదో ఒక్కటి గీత గీసి పెట్టుకోండి. పై సీన్‌లో మొదటి ప్రశ్నకి "రాత్రి", మూడోదానికి "మీయమ్మ". ఆ మాట వచ్చేదాకా మీకు జవాబు తెలీదు, అంతే. సజెషన్‌లో, అంటే మీ వెనక నుంచి ఎదుటి నటుణ్ణి చూపించే షాట్‌లో, మీ భుజం, చెవి మాత్రమే ఫ్రేమ్‌లో ఉన్నా కూడా వింటూనే ఉండండి, వింటున్న మనిషి వీపు వేరేగా ఉంటుంది, ఎదుటి నటుడికి కూడా అది చాలా సాయం.

ఇప్పుడు అబద్ధం సంగతి. అనుమానితుడి వేషం అనగానే కొత్తోళ్ళు కళ్ళు తిప్పుతారు, నుదురు తుడుచుకుంటారు, గుటకలు మింగుతారు. దయచేసి వద్దు. 2006లో చార్లెస్ బాండ్, బెల్లా డిపౌలో అనే ఇద్దరు పరిశోధకులు అబద్ధాన్ని పట్టుకోవడం మీద జరిగిన పాత పరిశోధనలు చాలా కలిపి లెక్క చూస్తే, మనుషులు ఎదుటివాడు చెప్పేది అబద్ధమో నిజమో సరిగ్గా చెప్పగలిగింది సగటున 54 శాతమే. నాణెం ఎగరేసినా 50 వస్తుంది. అంటే నిజమైన అబద్ధాలకోరు అబద్ధం చెప్తున్నట్టు కనపడడు, వాడి ప్రయత్నమంతా నిజం చెప్పేవాడిలా ఉండటానికే. మీరు ఆ ప్రయత్నాన్ని ఆడండి. "ఇంట్లోనే ఉంటిని సార్" అన్నది మీరు పొద్దున టిఫిన్ ఏం తిన్నారో చెప్పినంత మామూలుగా రావాలి. అమెరికాలో 1971లో సీరియల్‌గా మొదలైన కొలంబో చూడండి దొరికితే, దాంట్లో హంతకుడెవరో మనకి మొదట్లోనే చూపించేస్తారు, ఇక మనం చూసేదల్లా పీటర్ ఫాక్ తలుపు దాకా పోయి వెనక్కి తిరిగి ఇంకొక్క ప్రశ్న అడిగినప్పుడు ఆ హంతకుడు దాన్ని ఎట్లా వింటాడా అని.

ఒప్పుకోలు సీన్ గురించి కూడా చెప్పాలి, దాన్ని అందరూ ఏడుపుతో పాడుచేస్తారు. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో సాక్ష్యంగా చెల్లదు, పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో 25వ సెక్షన్ అదే, 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలోనూ ఆ నియమం ఉంది. వాడు చెప్పిన మాట వల్ల ఏదైనా వస్తువు దొరికితే, ఆ దొరకడానికి సంబంధించినంత వరకే ఆ మాట చెల్లుతుంది. ఇది నటుడికెందుకు అంటారేమో. నేను చేసిన ఒక ఎపిసోడ్‌లో "నేనే చంపినా" అన్న దగ్గర కన్నీళ్ళు పెట్టుకుందామని తయారుగా ఉన్నా, అప్పుడు ఈ విషయం తెలిసింది. ఎదురుగా ఉన్న ఎస్సైకి ఆ మాటతో పని తీరదు, ఆయనకి కావాల్సింది కొడవలి ఎక్కడుందన్నది. అంటే నేను ఏడ్చేటప్పుడు ఆయన నా ఏడుపు వినట్లేదు, తర్వాతి మాట కోసం చూస్తున్నాడు. అది తెలిశాక ఏడుపు దానంతటదే తగ్గిపోయింది, "బాయి కాడ" అన్న రెండు మాటల్లో సీన్ కూర్చుంది. అట్లా వేషానికి సంబంధించిన పని ఎలా నడుస్తుందో అడిగి తెలుసుకోండి.

వినడం ఎంత దూరం పోగలదో చూడాలంటే మన ఉమ్మడి కర్నూలు జిల్లా మనిషే ఒకాయన ఉండేవారు, 2020లో పోయిన నటుడు జయప్రకాష్ రెడ్డి గారు. సిరివెళ్ళ ఆయనది, మాస్టారుగా చేసినాయన. లోకమంతా 1999లో వచ్చిన సమరసింహారెడ్డిలో విలన్‌గా, మన యాసతో గుర్తుపెట్టుకుంది. నాకు మాత్రం ఆయన అలెగ్జాండర్ అనే ఏకపాత్ర నాటకం పెద్దది. స్టేజీ మీద ఒక్కరే, ఫోన్లో మాట్లాడేవారు. అవతలి మనిషి ఎవరు, ఏ బాధలో ఉన్నారు అన్నది ఆయన వినే తీరులోంచే మనకి తెలియాల్సి ఉండేది.

మీ అభ్యాసం కూడా దాన్నుంచే తీసుకున్నా. రోజుకి ఇరవై నిమిషాలు, వారం. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని అవతలి మాటలు మనసులో పూర్తిగా అనుకుంటూ వినండి, జవాబుగా "ఊ", "ఎప్పుడు", "సరే" ఈ మూడే వాడాలి. ఇంట్లో ఒకర్ని కూర్చోబెట్టి అవతల ఏ కబురు చెప్పారో అడగండి. శుభమా అశుభమా అన్నదైనా వాళ్ళు పట్టుకోగలిగితే మీరు వింటున్నట్టే. నాలుగో రోజు నుంచి పై ఆరు లైన్ల సీన్ ఎవరితోనైనా చెయ్యండి, ఎస్సై చదివేవాళ్ళని ప్రతిసారీ స్పీడు మార్చి అడగమనండి.

పేరు రావడం గురించి చాలామంది అడిగారు కాబట్టి కొంచెం. ఆ "నేనే చంపినా" ఎపిసోడ్ వచ్చిన వారానికి కర్నూలు బస్టాండ్‌లో ఒక అవ్వ నా మొఖం చూసి పక్క సీట్లో ఉన్న సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. కొంచెం సేపయ్యాక "ఆ పిల్లోనివి కదా నువ్వు, మీయమ్మకి చెప్పకుండా అట్లెందుకు పోతివి నాయనా" అంది. హత్య మాట ఎత్తలేదు. వాళ్ళమ్మ గురించే అడిగింది. ఏం జవాబు చెప్పాలో తెలీక "తప్పే అవ్వా" అన్నా. ఆమె సంచి జరిపి కూర్చోమంది, డోన్ దాకా మాట్లాడుకుంటూ పోయినాం.

వచ్చే పాఠం కంటిన్యూటీ, అంటే ఒక టేకులో చేసింది మిగతా టేకుల్లోనూ అలాగే చెయ్యడం. ఒక స్టీల్ గ్లాసు, సగం టీ దగ్గర పెట్టుకోండి, ఏ మాట మీద గుటక వేశారో ఐదు టేకులు గుర్తుపెట్టుకోవడం నేర్చుకుందాం.