స్లాబ్ పోసే ముందు రోజు సాయంత్రం

రేపు పొద్దున స్లాబ్ అనగా ఈరోజు మధ్యాహ్నం ఎవరో ఒకరు నాకు ఫోన్ చేస్తారు. ఎక్కువగా నా దగ్గర చదువుకున్న పిల్లలే. "సార్, ఒక్కసారి వచ్చి చూసిపోండి" అంటారు. హన్మకొండలో ముప్పై నాలుగేళ్లు స్ట్రక్చరల్ డిజైన్ పాఠం చెప్పాను. కాలేజీ అయ్యాక సాయంత్రాలు ఇళ్లకు, చిన్న అపార్ట్‌మెంట్లకు డిజైన్లు చేశాను. రిటైరయ్యాక డిజైన్లు తగ్గించాను గానీ ఈ చెకింగ్ మాత్రం మానలేదు. అన్ని ఇళ్లకూ నేను వెళ్లలేను కాబట్టి ఏం చూస్తానో, ఎలా చూస్తానో ఇక్కడ రాస్తున్నాను. ఇల్లు కట్టుకునేవాళ్లు, కొత్తగా సైట్ ఇంజనీరుగా చేరిన పిల్లలు ఇద్దరూ దీన్ని చదివి చేసుకోవచ్చు.

సాయంత్రం ఐదింటికి వెళ్లండి. ఎండ వాలుగా పడే వేళ అది. రాడ్ల నీడ సెంట్రింగ్ షీట్ల మీద, అంటే కాంక్రీటు పోయడానికి కింద పరిచిన రేకుల మీద పడుతుంది. రాడ్‌కూ దాని నీడకూ మధ్య దూరం ఎక్కడ తగ్గిందో అక్కడ రాడ్ కుంగినట్టు. జాలీ, అంటే అడ్డంగా నిలువుగా కట్టిన రాడ్ల వల, మొత్తం ఒక్క చూపులో తెలిసిపోతుంది, మధ్యాహ్నం వెళ్తే ఈ వీలు ఉండదు. చేతిలో టేపు, చాక్‌పీసు, డ్రాయింగ్, ఒక ఎర్ర పెన్సిల్ ఉంటే చాలు.

ఎర్ర పెన్సిల్ ఎందుకో ముందు చెప్పాలి, మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది.

క్లాసులో కొత్త బ్యాచ్ రాగానే నేను లెక్క మొదలుపెట్టేవాణ్ణి కాదు. వేయిస్తంభాల గుడికి తీసుకెళ్లేవాణ్ణి. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి. "స్తంభాలు ఇంత దగ్గర దగ్గరగా ఎందుకు పెట్టారో చెప్పండి" అని అడిగేవాణ్ణి. అందం కోసం అనేవాళ్లు కొందరు, దేవుడి లెక్క అనేవాళ్లు కొందరు. తల ఎత్తి రాతి దూలాన్ని చూడమనేవాణ్ణి. రాయిని ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది, సాగదీస్తే మాత్రం పగులుతుంది. దూలం మీద బరువు పడితే అది కొద్దిగా వంగుతుంది. వంగినప్పుడు పైభాగం నొక్కుకుపోతుంది, కింది భాగం సాగుతుంది. రాతికి ఆ సాగుడు పడదు, అందుకే దూలం పొడవు పెంచలేకపోయారు, స్తంభాలు దగ్గరికొచ్చాయి. కాంక్రీటు కూడా రాయి లాంటిదే. నొక్కితే ఆగే బలంలో సాగదీస్తే ఆగేది ఇంచుమించు పదో వంతు. ఆ లోటు తీర్చడానికే అందులో రాడ్ వేస్తాం. అంటే కాంక్రీటు ఎక్కడ సాగుతుందో అక్కడే రాడ్ ఉండాలి.

తిరిగొచ్చాక ప్రతి ఒక్కరి చేతికీ ఒక ఎర్ర పెన్సిల్ ఇచ్చేవాణ్ణి. ఇంటి సెక్షన్ (నిలువునా కోసినట్టు చూపే బొమ్మ) గీసి, బరువు పడితే అది ఎలా వంగుతుందో కాస్త పెద్దది చేసి గీయమనేవాణ్ణి. సాగే అంచు మీద ఎర్రగీత పెట్టాలి. గది మధ్యలో స్లాబ్ కిందికి జారుతుంది కాబట్టి ఎర్రగీత కింద. రెండు గదుల మధ్య బీమ్ మీద స్లాబ్ పైకి ఉబ్బుతుంది కాబట్టి అక్కడ ఎర్రగీత పైన. బాల్కనీకి ఒకవైపే ఆధారం, కొస కిందికి వాలుతుంది, ఎర్రగీత మొత్తం పైనే. నేను చదువుకున్నప్పుడు డిజైన్ లెక్కకు వర్కింగ్ స్ట్రెస్ అనే పద్ధతి ఉండేది, స్లైడ్ రూల్‌తో లెక్కలు చేశాం. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన కోడ్‌ను 1978లో మార్చినప్పుడు లిమిట్ స్టేట్ అనే కొత్త పద్ధతి వచ్చింది. 2000 కోడ్‌లో ఆర్‌సీసీకి, అంటే రాడ్లు వేసిన కాంక్రీటుకు, ఎం 15 పోయి అంతకంటే బలమైన ఎం 20 రకం కనీసం అయ్యింది. ఇప్పుడు పిల్లలు కంప్యూటర్‌లో పది నిమిషాల్లో భవనమంతా రంగుల్లో చూపిస్తున్నారు. మంచిదే. అయినా నేను ఎర్ర పెన్సిల్ ఇచ్చి గీయమంటూనే ఉన్నాను. గీత పెట్టలేనివాడికి కంప్యూటర్ తప్పు చెప్పినా తెలియదు.

కాబట్టి సైట్‌కి వెళ్లగానే మీ డ్రాయింగ్ మీద ఎర్రగీతలు గీసుకోండి. ఇంజనీరు కానక్కర్లేదు, పుల్ల వంచి చూసినవాళ్లు ఎవరైనా గీయగలరు. ఇక ఆ గీతలున్న చోటే రాడ్ ఉందా లేదా అని చూస్తూ పోవడమే పని.

మొదట బాల్కనీ దగ్గరికి వెళ్లండి. నేను ఎప్పుడూ అక్కడి నుంచే మొదలుపెడతాను. దానికి కారణం ఉంది.

1990ల మొదట్లో ఒక ఉపాధ్యాయుడి ఇంటికి డిజైన్ చేశాను. నాలుగడుగుల బాల్కనీ, ఐదంగుళాల స్లాబ్, పైన పది ఎంఎం రాడ్లు ఆరంగుళాలకు ఒకటి. డ్రాయింగ్‌లో తప్పు లేదు. స్లాబ్ రోజు మా బంధువుల పెళ్లి ఉందని నేను వెళ్లలేదు. జాకీలు (సెంట్రింగ్ కింద నిలబెట్టే ఆధారాలు) తీసి పిట్టగోడ కట్టిన వారానికి ఆయన కాలేజీకి వచ్చారు. "సార్, గోడ పొడుగునా వెంట్రుకంత పగులు కనిపిస్తోంది" అన్నారు. వెళ్లి చూస్తే బాల్కనీ గోడను కలిసే చోట, సరిగ్గా ఎర్రగీత ఉండాల్సిన చోట పగిలింది. వెంటనే కింద జాకీలు పెట్టించి, పైన కాంక్రీటు చెక్కించాం. పైనుంచి అంగుళం లోతులో ఉండాల్సిన రాడ్ మూడున్నర అంగుళాల లోతులో దొరికింది. పైరాడ్లను ఎత్తులో నిలబెట్టే చైర్లు పెట్టలేదు. కాంక్రీటు తట్టలు మోసినవాళ్లంతా ఆ రాడ్ల మీదుగానే నడిచారు, అవి కిందికి పడిపోయాయి. బాల్కనీ కొట్టేసి, గదిలోపలికి ఆరడుగుల దాకా తవ్వి మళ్లీ పోశాం. ఖర్చులో సగం నేను పెట్టుకున్నాను. ఆయన వద్దన్నారు, నాకే మనసొప్పలేదు. ఆ తర్వాత ఏ స్లాబ్‌కీ ముందు రోజు సాయంత్రం చూడకుండా సంతకం పెట్టలేదు.

దీని లెక్క చూడండి. ఐదంగుళాలంటే 125 మిల్లీమీటర్లు. పైరాడ్ సరైన చోట ఉంటే, కింది అంచు నుంచి దాని మధ్యకు 100 మిల్లీమీటర్ల ఎత్తు. కాళ్ల కింద నలిగి అది 60కి దిగిందనుకోండి. అదే స్టీలు, అదే సిమెంటు, ఒక్క రూపాయి తగ్గలేదు, బలం మాత్రం దాదాపు సగానికి పడిపోయింది. ఇంకా కిందికి దిగితే రాడ్ వేసీ వేయనట్టే.

బాల్కనీ పైరాడ్ మీద మీరే కాలు పెట్టి నిలబడండి. కుంగిందంటే చైర్లు చాలవు. మూడడుగులకు ఒకటైనా చైర్ ఉండాలి, రాడ్‌తో చేసినదై ఉండాలి, బైండింగ్ వైరుతో కట్టి ఉండాలి. ఇటుక ముక్క, కంకర రాయి పెట్టి ఎత్తితే ఒప్పుకోకండి, తట్ట తగలగానే అవి జారిపోతాయి. మేస్త్రీ అంటాడు: "గింత దానికి ఏం గాదు సార్, పోసేటప్పుడు కొక్కెంతో లేపుతం." ఎక్కడా లేపరు, కాంక్రీటు పడ్డాక లేపడానికి టైమే ఉండదు. తర్వాత టేపు పెట్టి ఆ రాడ్ గోడ దాటి లోపలికి ఎంత వెళ్లిందో కొలవండి. బాల్కనీ బయటికి ఎంత ఉందో దానికి ఒకటిన్నర రెట్లు లోపలికి ఉండాలి. నాలుగడుగుల బాల్కనీకి ఆరడుగులు. పోర్టికోకూ, కిటికీ సజ్జకూ ఇదే చూపు.

బాల్కనీ తర్వాత గదుల కింది జాలీ. గది పొడవు వెడల్పుకి రెండింతల లోపే ఉంటే రెండు దిక్కులా బరువు పంచుకుంటుంది, ఇళ్లలో ఎక్కువగా ఇదే. అందులో పొట్టి దిక్కున వెళ్లే రాడ్లు అడుగున ఉండాలి, పొడుగు దిక్కువి వాటి మీద. చాలా సైట్లలో ఇది తిరగబడి ఉంటుంది. పొట్టి దిక్కే ఎక్కువ బరువు మోస్తుంది కాబట్టి స్లాబ్ పై అంచు నుంచి రాడ్ దాకా దానికే ఎక్కువ ఎత్తు దొరకాలి. జాలీ కట్టకముందు చెప్తే సరిచేయడం పది నిమిషాల పని. కట్టాక మాత్రం పోట్లాట అవుతుంది, అందుకే ఒక రోజు ముందే మేస్త్రీకి చెప్పి పెట్టండి.

రాడ్ల మధ్య దూరం కొలవడానికి ఒక్కో ఖాళీ కొలుస్తూ కూర్చోకండి. పదకొండు రాడ్లు లెక్కపెట్టి, మొదటి దాని నుంచి చివరి దానికి టేపు పెట్టండి. పది ఖాళీలు వస్తాయి. డ్రాయింగ్‌లో 150 అని ఉంటే మీటరున్నర రావాలి. మీటరు డెబ్భై అయ్యిందంటే ఎక్కడో రాడ్లు తగ్గించారు. రాడ్ సైజు మీద అనుమానముంటే సరిగ్గా మీటరు ముక్క కోయించి కిరాణా కొట్టులో తూకం వేయించండి. ఎనిమిది ఎంఎం మీటరుకు 395 గ్రాములు, పది ఎంఎం 617, పన్నెండు ఎంఎం 889 దరిదాపుల్లో ఉండాలి. వ్యాసం మిల్లీమీటర్లలో తీసుకుని వర్గం చేసి 162తో భాగిస్తే కిలోల్లో ఇదే లెక్క వస్తుంది.

కింది జాలీకీ సెంట్రింగ్ షీటుకూ మధ్య వేలు దూర్చి చూడండి. రాడ్‌ను కప్పి ఉండే కాంక్రీటు మందాన్ని కవర్ అంటారు. అది స్లాబ్‌కు 20 మిల్లీమీటర్లు, బీమ్‌కు 25, పిల్లర్‌కు 40, ఫుటింగ్‌కు 50. మా వైపు గ్రానైట్ ముక్కలు ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి కాబట్టి కవర్ బ్లాకుల బదులు అవే పెట్టేస్తారు. వద్దనండి. వారం ముందే సిమెంటు, ఇసుకతో బిళ్లలు పోయించి నీళ్లలో ఉంచితే ఖర్చు నామమాత్రం. కవర్ లేని స్లాబ్‌కి కొన్నేళ్లలో తుప్పు పట్టి పెచ్చులు ఊడతాయి. బాత్రూం కింద సీలింగ్‌లో మీరు చూసే ఉంటారు.

బీమ్ రింగుల దగ్గర, అంటే పొడుగు రాడ్లను చుట్టి కట్టేవాటి దగ్గర, కాసేపు ఆగండి. పిల్లర్ల పక్కన రింగులు దగ్గరగా, మధ్యలో కాస్త దూరంగా ఉండాలి. అన్నీ ఒకే దూరంలో కనిపిస్తే డ్రాయింగ్ మళ్లీ చూడండి. రింగు కొసలు 90 డిగ్రీలు వంచి వదిలేస్తారు. 135 డిగ్రీలు వంచి కొక్కెం లోపలికి, కాంక్రీటు మధ్యలోకి పోవాలి. భూమి కదిలినప్పుడు రింగు విడిపోకుండా ఉండడానికే ఇది. ఇదివరకు ఇది చెప్తే "మన దిక్కు భూకంపాలు యాడున్నయ్ సార్" అనేవాళ్లు. 1969లో భద్రాచలం దగ్గర వచ్చిందని చెప్తే పాత కథ అనుకునేవాళ్లు. 2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కదిలి, హన్మకొండలో జనం ఇళ్లల్లోంచి బయటికి ఉరికాక ఎవరూ ఆ మాట అనడం లేదు. ఈ కొక్కేలకు అదనపు స్టీలు పెద్దగా పట్టదు, చేతి పని మాత్రమే ఎక్కువ.

కరెంటు పైపులు చివర చూడండి, ఎందుకంటే ఎలక్ట్రీషియన్ చివర వస్తాడు. ఫ్యాన్ బాక్స్ కోసం రాడ్ కోసేశాడా? కోస్తే ఆ పక్కన అంతే సైజు రాడ్ అదనంగా వేయించండి. పైపులన్నీ ఒకేచోట కట్టకట్టి బీమ్‌లోంచి పంపకూడదు, విడివిడిగా కింది జాలీకీ పైరాడ్లకూ మధ్య పోవాలి.

పొద్దున పోసేటప్పుడు చూడాల్సింది ప్రధానంగా నీళ్లు. యాభై కిలోల సిమెంటు బస్తాకు ఎం 20లో 27 లీటర్లు దాటకూడదు, ఇసుకలో ఉన్న తడి కూడా అందులోనే లెక్క. మిల్లర్ (కాంక్రీటు కలిపే యంత్రం) దగ్గర మనిషి పైపుతో పోస్తుంటే ఎన్ని లీటర్లో ఎవరికీ తెలియదు. కొలత బకెట్ పెట్టించండి. కాంక్రీటు పలచగా ఉంటే పని తేలిక కాబట్టి వాళ్లు ఇంకో మగ్గు పోస్తామంటారు, అక్కడ మెత్తగా చెప్పి గానీ గట్టిగా చెప్పి గానీ మీరే ఆపాలి. అదే కాంక్రీటుతో 15 సెంటీమీటర్ల క్యూబులు (పరీక్ష దిమ్మెలు) ఆరు తీయించండి. మూడు ఏడో రోజున, మూడు ఇరవై ఎనిమిదో రోజున ల్యాబ్‌లో పగలగొట్టిస్తే మీ స్లాబ్ సంగతి కాగితం మీద ఉంటుంది.

కొబ్బరికాయ కొట్టి మొదటి తట్ట పోశాక ఇంటివాళ్లు దావత్ ఏర్పాట్లలో పడిపోతారు. ఎవరో ఒక్కరు మాత్రం బాల్కనీ దగ్గరే ఉండండి. నడవడానికి చెక్కలు వేయించండి, కాళ్లు చెక్కల మీదే పడాలి. నేనైతే ఆ కాసేపు స్టూలు వేసుకుని అక్కడే కూర్చుంటాను.

మర్నాటి నుంచి మట్టితో గట్లు కట్టి నీళ్లు నిలపాలి. మామూలు సిమెంటుకు కనీసం ఏడు రోజులు, ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న పీపీసీకి (బూడిద కలిపిన సిమెంటు) పద్నాలుగు రోజులు. మా వరంగల్ మే నెల ఎండకు మధ్యాహ్నానికల్లా నీళ్లు ఆవిరైపోతాయి, రెండు పూటలా చూడండి.

పోసిన తారీఖు గోడ మీద చాక్‌పీసుతో పెద్దగా రాసిపెట్టండి. సెంట్రింగ్ వాళ్లకు జాకీలు ఇంకో సైట్‌కి కావాలి, నాలుగో రోజే తీస్తామంటారు. ఆధారాల మధ్య దూరం పదిహేను అడుగుల లోపున్న స్లాబ్‌కి కింది జాకీలు ఏడు రోజులు, అంతకు మించితే పద్నాలుగు, బీమ్‌ల కింద ఇరవై అడుగుల లోపైతే పద్నాలుగు, దాటితే ఇరవై ఒకటి ఉండాలి. పీపీసీ అయితే ఇంకొన్ని రోజులు కలపండి. బాల్కనీకి నేను దగ్గరుండి ఇరవై ఒక్క రోజులు ఉంచుతాను. తీసేటప్పుడు కూడా వరస ఉంది. గదిలో మధ్యలో ఉన్న జాకీ ముందు తీసి గోడల వైపు రావాలి. బాల్కనీకి కొసన ఉన్నది ముందు తీసి, గోడ పక్కది చివర తీయాలి.